చదరంగం ప్రోగ్రాములు: రెండు ఎత్తుల నడుమ మెమరీ, కాలం

6.1 పరిచయం

చదరంగం బల్ల ముందు మీరు కూర్చొన్నారు. ఎదుట ఉన్నది కంప్యూటరు. మీరు ఒక ఎత్తు వేసి గడియారం నొక్కారు. ఇక నడుస్తున్నది దాని గడియారం. అది మూడు నిమిషాలు తీసుకొని తన ఎత్తు చెప్పింది. ఆ మూడు నిమిషాల్లో అది పరిశీలించిన కోట్ల స్థితులు ఏమయ్యాయి? ఎత్తు వేయగానే వాటిని పారేసిందా, దాచుకొన్నదా? మూడు నిమిషాలే ఎందుకు, రెండో నాలుగో ఎందుకు కావు? ఇప్పుడు మీరు ఆలోచిస్తున్నంతసేపూ అది ఊరికే కూర్చొంటుందా? ఈ పాఠంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

మినీమాక్స్ పద్ధతినీ, ఆల్ఫా–బీటా కత్తిరింపునూ మీరు ఇంతకుముందే చదివారు. వాటిని ఇక్కడ మళ్ళీ వివరించడం లేదు. ఒక్క పదం గురించి మాత్రం చెప్పాలి. చదరంగం పుస్తకాల్లో తెలుపు ఒకసారి, నలుపు ఒకసారి కదిపితే దాన్ని ఒక ఎత్తుగా లెక్కిస్తారు. ప్రోగ్రాములు రాసేవారు ఒక్కొక్క కదలికనూ విడిగా లెక్కిస్తారు, దాన్ని ‘ప్లై’ అంటారు. అందువల్ల మూడు ఎత్తుల లోతు అంటే ఆరు ప్లైలు.

సమస్య ఎంత పెద్దదో క్లాడ్ షానన్ 1950లో ప్రచురించిన వ్యాసంలో అంచనా వేశాడు. ఒక స్థితిలో సగటున 30 నియమబద్ధమైన ఎత్తులు ఉంటాయనీ, ఆట 40 ఎత్తులు సాగుతుందనీ అనుకొంటే, సాధ్యమయ్యే ఆటల సంఖ్య 1 పక్కన 120 సున్నాలు పెట్టినంత ఉంటుంది. చివరిదాకా వెతకడం ఎవరి వల్లా కాదు. ఆరు ప్లైలకే 30ని ఆరుసార్లు గుణించాలి. అంటే 72 కోట్ల 90 లక్షల చివరి స్థితులు వస్తాయి. ఆల్ఫా–బీటా ఈ సంఖ్యను ఎంతవరకు తగ్గించగలదో క్నూత్, మూర్ 1975లో గణితపరంగా చూపారు. ప్రతి స్థితిలోనూ మంచి ఎత్తునే మొదట పరిశీలించగలిగితే, అదే ఆరు ప్లైలకు 53,999 చివరి స్థితులు చూస్తే చాలు.

ఈ రెండు సంఖ్యల మధ్య తేడాను గుర్తుంచుకోండి. ‘మంచి ఎత్తునే మొదట పరిశీలించగలిగితే’ అన్న షరతు మీదే అంతా ఆధారపడింది. మంచి ఎత్తు ఏదో ముందే తెలిస్తే వెతకడం ఎందుకని మీరు అడగవచ్చు. ఈ చిక్కుముడిని విప్పేది మెమరీయే.

6.2 ఒకే స్థితికి అనేక దారులు

తెలుపు మొదట మంత్రి ముందున్న బంటును డి4కు జరిపింది. నలుపు గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చింది. తెలుపు సి4 ఆడింది, నలుపు ఈ6 ఆడింది. ఇప్పుడు వరుస మార్చి చూడండి. తెలుపు సి4తో మొదలుపెడితే నలుపు ఈ6 ఆడింది, తెలుపు డి4 ఆడితే నలుపు గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చింది. రెండు దారులూ ఒకే స్థితికి చేరాయి. దీన్ని ట్రాన్స్‌పొజిషన్ అంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడేసి ఎత్తులు చెరొకరు ఆడితే, తెలుపు వాటిని 6 వరుసల్లోనూ నలుపు 6 వరుసల్లోనూ ఆడవచ్చు. మొత్తం 36 దారులు ఒకే స్థితికి చేరుతాయి. మెమరీ లేని ప్రోగ్రాము ఆ స్థితిని 36 సార్లు కొత్తగా చూసినట్లే చూస్తుంది.

మనం ‘ఆట వృక్షం’ అని పిలిచేది నిజానికి వృక్షం కాదని దీనివల్ల తెలుస్తుంది. చెట్టు కొమ్మలు విడిపోతాయి గాని మళ్ళీ కలవవు. ఇక్కడ కొమ్మలు అడుగడుగునా కలుస్తున్నాయి.

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ రూబెన్ ఫైన్ 1941లో ప్రచురించిన అంత్యదశల గ్రంథంలో 70వ స్థితి. లాస్కర్, రైక్‌హెల్మ్‌ల పేర్లతో 1901 నుంచి ప్రసిద్ధమైనది. బల్ల మీద పెట్టుకొని చూడండి. తెల్ల రాజు ఏ1లో, తెల్ల బంట్లు ఏ4, డి4, డి5, ఎఫ్4 గడుల్లో ఉన్నాయి. నల్ల రాజు ఏ7లో, నల్ల బంట్లు ఏ5, డి6, ఎఫ్5 గడుల్లో ఉన్నాయి. కదపవలసినది తెలుపు. బంట్లన్నీ ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుపోయాయి, ఏ బంటూ కదలలేదు. కదిలేవి రాజులు రెండే. తెలుపు గెలవాలంటే ఒక్కటే దారి ఉంది. రాజు బీ1కు పోవాలి. చూడగానే ఏ సంబంధమూ కనిపించని ఎత్తు అది. దాని ఫలితం చాలా ప్లైల తరువాత గాని తెలియదు.

ఒక్కొక్క రాజుకు సగటున ఐదు ఎత్తులున్నాయని అనుకొన్నా, 20 ప్లైల లోతుకు 5ను ఇరవైసార్లు గుణించాలి. సుమారు 95 లక్షల కోట్ల దారులు వస్తాయి. ఇప్పుడు దారులను వదిలి స్థితులను లెక్కపెట్టండి. 64 గడుల్లో 7 బంట్లు పోను 57 ఖాళీ. మొదటి రాజు 57 చోట్ల, రెండో రాజు మిగిలిన 56 చోట్ల ఉండవచ్చు. కదపవలసిన పక్షం ఎవరన్నది కలుపుకొంటే 57 × 56 × 2 = 6,384. ఏదో ఒక బంటు చచ్చేదాకా అంతకు మించి స్థితులు ఉండే వీలే లేదు. రాజులు పక్కపక్క గడుల్లో ఉండకూడదు కనుక నిజానికి ఇంకా తక్కువే. 95 లక్షల కోట్ల దారులు ఈ ఆరువేల చిల్లర గదుల్లోనే తిరుగుతున్నాయన్నమాట. ఏ గదిలో ఏముందో రాసిపెట్టుకొన్న ప్రోగ్రాముకు ఈ సమస్య క్షణాల్లో తేలుతుంది. రాసిపెట్టుకోనిది ఎంత వేగంగా పనిచేసినా తిరిగిన చోటే తిరుగుతుంది.

ఎం.ఐ.టి.లో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ 1960ల మధ్యలో రాసిన ‘మాక్ హాక్’ ప్రోగ్రాములోనే ఇలాంటి పట్టిక ఉంది. 1967లో మనుషుల పోటీల్లో పాల్గొన్న ప్రోగ్రాము అది.

6.3 స్థితికి ఒక సంఖ్య: జోబ్రిస్ట్ పద్ధతి

రాసిపెట్టుకోవాలి సరే, ఎక్కడ రాయాలి, ఎలా వెతకాలి? సెకనుకు పది లక్షల స్థితులు చూసే ప్రోగ్రాముకు ఒక్కొక్క స్థితికి దొరికేది సెకనులో పది లక్షలో వంతు. అంతలోనే ‘ఇది ఇంతకుముందు చూశానా?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకాలి.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో ప్రతిపాదించిన పద్ధతిని ఈనాటికీ దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడుతున్నాయి. పావుల రకాలు ఆరు, రంగులు రెండు, కాబట్టి 12 రకాలు. గడులు 64. ప్రతి రకానికీ ప్రతి గడికీ ఒకటి చొప్పున 768 యాదృచ్ఛిక సంఖ్యలను ముందే తయారుచేసి ఉంచుతారు. ఒక్కొక్కటి 64 బిట్ల సంఖ్య. వీటికి కదపవలసిన పక్షానికి ఒకటి, క్యాజ్‌లింగ్ హక్కులకు నాలుగు, ఆన్‌పాసాన్ నిలువు వరుసలకు ఎనిమిది చేరిస్తే మొత్తం 781. బల్ల మీద ఉన్న ప్రతి పావుకూ దాని గడిని బట్టి వచ్చే సంఖ్యను తీసుకొని, వర్తించే మిగతా సంఖ్యలతో సహా అన్నింటినీ ఎక్స్-ఆర్ ప్రక్రియతో కలిపితే వచ్చే 64 బిట్ల సంఖ్యే ఆ స్థితి ‘తాళంచెవి’.

ఎక్స్-ఆర్‌ను ఎందుకు ఎంచుకొన్నారో గమనించండి. ఒకే సంఖ్యను రెండుసార్లు ఎక్స్-ఆర్ చేస్తే దాని ప్రభావం పోతుంది. గుర్రం జి1 నుంచి ఎఫ్3కు వెళ్ళిందనుకోండి. పాత తాళంచెవిని ‘తెల్ల గుర్రం జి1’ సంఖ్యతో ఎక్స్-ఆర్ చేస్తే గుర్రం అక్కడి నుంచి లేచిపోతుంది. ‘తెల్ల గుర్రం ఎఫ్3’ సంఖ్యతో చేస్తే ఇక్కడ కూర్చొంటుంది. పక్షం సంఖ్యతో మరొకసారి చేస్తే వంతు మారుతుంది. బల్లనంతా మళ్ళీ చూడనక్కరలేదు, మూడు ప్రక్రియలతో పని ముగిసింది. ఎక్స్-ఆర్‌కు వరుసతో పని లేదు కనుక, ఏ దారిన వచ్చినా ఒకే స్థితికి ఒకే తాళంచెవి వస్తుంది. మనకు కావలసిన గుణం సరిగ్గా అదే.

నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక విద్యార్థి వంతు సంఖ్యను కలపడం మరిచిపోయాడు. అతని ప్రోగ్రాము ఆట మధ్యలో బాగానే ఆడేది. రాజులూ బంట్లూ మాత్రమే మిగిలినప్పుడు తెలివితక్కువ ఎత్తులు వేసేది. నెల రోజులు మూల్యాంకన భాగాన్నే తిరగరాస్తూ కూర్చొన్నాడు. చివరికి పైన చెప్పిన ఫైన్ స్థితిని ఇచ్చి చూస్తే తప్పు బయటపడింది. అక్కడ తెలుపు గెలుపంతా రాజును చుట్టుదారిన తిప్పి, పావులు అవే గడుల్లో ఉండగా వంతును నలుపుకు అంటగట్టడంలోనే ఉంది. వంతును లెక్కలోకి తీసుకోని పట్టికకు ఆ రెండు స్థితులూ ఒకటే. ప్రోగ్రాములో తప్పు ఉన్నా అది ఆగిపోదు, తప్పుగా ఆడుతూనే ఉంటుంది. ఈ రంగంలో ఇదే పెద్ద ఇబ్బంది.

6.4 పట్టికలో ఏం దాస్తారు, నిండితే ఏం చేస్తారు?

పట్టికలో ఒక్కొక్క నమోదుకు సాధారణంగా ఈ సమాచారం ఉంటుంది: తాళంచెవిలో కొంత భాగం, ఎంత లోతుకు వెతికిన ఫలితం, విలువ, ఆ విలువ ఎలాంటిది, ఆ స్థితిలో ఉత్తమమని తేలిన ఎత్తు. ‘ఎలాంటిది’ అనడానికి కారణం ఉంది. ఆల్ఫా–బీటా చాలా చోట్ల కచ్చితమైన విలువను కనుక్కోకుండానే వెనక్కి తిరుగుతుంది. ‘కనీసం ఇంత ఉంటుంది’ అనో ‘ఇంతకు మించదు’ అనో తెలిస్తే దానికి చాలు. ఆ హద్దును కచ్చితమైన విలువగా చదివితే ఫలితం తప్పవుతుంది.

దాచిన లోతు ఇప్పుడు కావలసిన లోతుకు సమానంగానో ఎక్కువగానో ఉండి, హద్దు కూడా సరిపోతే వెతకడం మానేసి ఆ విలువనే తీసుకోవచ్చు. లోతు చాలకపోయినా నమోదు వృథా కాదు. అందులోని ఉత్తమ ఎత్తును మొదట పరిశీలించవచ్చు. 6.1లో వదిలేసిన చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. మంచి ఎత్తు ఏదో కచ్చితంగా తెలియదు గాని, తక్కువ లోతులో ఏది బాగున్నదో తెలుసు. ఎక్కువసార్లు అదే నిలుస్తుంది. నా దృష్టిలో విలువను తిరిగి వాడుకోవడంకన్నా ఈ ఎత్తును గుర్తుంచుకోవడమే పట్టిక చేసే పెద్ద మేలు. ఫైన్ స్థితి లాంటివి అరుదు, ఎత్తుల వరుస అవసరం మాత్రం ప్రతి స్థితిలోనూ ఉంటుంది.

ఇక పరిమాణం చూద్దాం. ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ప్రోగ్రాములో ఒక నమోదుకు 10 బైట్లు. మూడు నమోదులను కలిపి 32 బైట్ల గుంపుగా ఉంచుతారు. ఒక గిగాబైటులో ఇలాంటి గుంపులు 3 కోట్ల 35 లక్షలు, అంటే నమోదులు సుమారు 10 కోట్లు. వినడానికి చాలా ఎక్కువ. కాని సెకనుకు పది లక్షల స్థితులు చూస్తే మూడు నిమిషాల్లో 18 కోట్లవుతాయి. వాటిలో సగంపైన కొత్తవైనా, ఒక్క ఎత్తుకే పట్టిక నిండిపోతుంది.

నిండినప్పుడు దేన్ని తీసేయాలి? లోతైన నమోదు విలువైనది, ఎందుకంటే దాని వెనుక ఎక్కువ శ్రమ ఉంది. కాబట్టి లోతైనవాటిని ఉంచి తక్కువ లోతువి తీసేయాలని తోస్తుంది. అలాగే చేస్తే కొన్ని ఎత్తుల తరువాత పట్టిక నిండా పాతబడిన లోతైన నమోదులే మిగులుతాయి. చచ్చిన మంత్రి ఇంకా బల్ల మీదున్న స్థితులు, ఇక ఎన్నటికీ రానివి, చోటు ఆక్రమించి కూర్చొంటాయి. అలాగని ఎత్తు వేసిన ప్రతిసారీ పట్టికను తుడిచివేస్తే పనికొచ్చేవి కూడా పోతాయి. మన తరువాతి ఎత్తుకు వెతకబోయే భాగంలో చాలామట్టుకు ఇప్పటికే కొంత లోతుకు వెతికినదే. ఈ రెండు నష్టాల నడుమ మార్గమే ‘వయస్సు’. ప్రతి నమోదు మీదా అది ఏ ఎత్తు సమయంలో రాసినదో ఒక చిన్న సంఖ్య వేస్తారు. పట్టికను తుడవరు. చోటు కావలసినప్పుడు గుంపులోని మూడింటిలో లోతు తక్కువై, వయస్సు ఎక్కువైనదాన్ని తీసేస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: (అ) తెల్ల ఏనుగు డి1 నుంచి డి7కు పోయి నల్ల బంటును చంపితే, తాళంచెవిని ఎన్నిసార్లు ఎక్స్-ఆర్ చేయాలి? ఏయే సంఖ్యలతో? (ఆ) తాళంచెవి వేరైనా రెండు స్థితులు ఒకే గుంపులోకి రావచ్చా?

6.5 పట్టిక తప్పుదారి పట్టించే సందర్భాలు

64 బిట్ల తాళంచెవి సంఖ్య ఎంత పెద్దదైనా, చదరంగంలో సాధ్యమయ్యే స్థితులు అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి రెండు వేరు స్థితులకు ఒకే తాళంచెవి వచ్చే అవకాశం సిద్ధాంతరీత్యా ఉంది. స్టాక్‌ఫిష్ మరీ సాహసించి పోలికకు 16 బిట్లే దాస్తుంది. అంటే ఒక్కొక్క పోలికలో పొరపాటు జరిగే అవకాశం 65,536లో ఒకటి. పట్టిక నుంచి వచ్చిన ఎత్తు ఈ స్థితిలో నియమబద్ధమేనా అని సరిచూడకుండా దాన్ని ఆడరు. రాబర్ట్ హయత్, ఆంథొనీ కోజీ 2005లో ఇలాంటి పొరపాట్లను కావాలనే చొప్పించి చూసి, అవి ఆటను పాడుచేయడం ఊహించినదానికన్నా చాలా తక్కువని చూపారు. వేలాది కొమ్మల్లో ఒకటి తప్పుడు విలువ ఇచ్చినా, అది వేరుదాకా చేరి ఎత్తును మార్చడం అరుదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే విషయం. తాళంచెవికి గతం తెలియదు. చదరంగం నియమాలకు మాత్రం గతం కావాలి. ఒకే స్థితి మూడోసారి వస్తే డ్రా కోరవచ్చు. బంటు కదలకుండా, పావు చావకుండా 50 ఎత్తులు గడిచినా డ్రా కోరవచ్చు. గెలుపు దశలో ఉన్న ప్రోగ్రామును ఊహించండి. ఒక స్థితి ‘గెలుపు’ అని పట్టికలో ఉంది. అది ఇప్పటికే రెండుసార్లు బల్ల మీద వచ్చింది. మూడోసారి అక్కడికి పోతే ఆట డ్రా. పట్టికను నమ్మి పోతే చేతికందిన గెలుపు జారిపోతుంది. అందువల్ల పట్టికను చూడడానికి ముందే ‘ఇది పునరావృతమా?’ అని ఆట చరిత్రలో చూడాలి. కొన్ని ప్రోగ్రాములు 50 ఎత్తుల లెక్క ముగింపుకు దగ్గరపడితే పట్టిక విలువను తీసుకోవడం మానేస్తాయి. ఇవి ఉపశమనాలే గాని పూర్తి పరిష్కారాలు కావు. చరిత్రనంతా తాళంచెవిలో కలిపితే సమస్య తీరుతుంది, కాని అప్పుడు 36 దారులూ మళ్ళీ 36 వేరు స్థితులవుతాయి. పట్టిక ప్రయోజనమే పోతుంది.

6.6 కాలాన్ని పంచుకోవడం

1997 మే నెలలో డీప్ బ్లూ, కాస్పరోవ్‌లు ఆడిన పోటీలో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 2 గంటలు. సగటున ఎత్తుకు 3 నిమిషాలు. అన్ని ఎత్తులకూ మూడేసి నిమిషాలు పంచడం సులభమే గాని, అది తెలివైన పంపకం కాదు. మంత్రిని కోల్పోకుండా తిరిగి చంపడానికి ఒక్కటే దారి ఉన్నచోట మూడు నిమిషాలు వృథా. అప్పుడే ప్రమాదం బయటపడినచోట మూడు నిమిషాలు చాలవు.

అసలు ‘ఎప్పుడైనా ఆపవచ్చు’ అన్న వీలు ఎక్కడిది? ఎనిమిది ప్లైలకు నేరుగా దిగిన ప్రోగ్రామును మధ్యలో ఆపితే, సగం ఎత్తులను చూసి ఉంటుంది, మిగతా సగంలో ఏముందో దానికి తెలియదు. అందుకే క్రమంగా లోతు పెంచే పద్ధతి వచ్చింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో స్లేట్, ఆట్కిన్‌లు 1970ల్లో రాసిన ‘చెస్ 4.5’ దీనికి పేరు తెచ్చింది. ముందు ఒక ప్లై, తరువాత రెండు, తరువాత మూడు. ప్రతిసారీ మొదటి నుంచి వెతకాలి. ఎప్పుడు ఆపినా, పూర్తయిన లోతుకు ఒక జవాబు చేతిలో ఉంటుంది.

చేసిన పనే మళ్ళీ చేయడం దండగ కాదా? లెక్క వేయండి. ఒక్కొక్క ప్లైకి పని ఆరురెట్లు పెరుగుతుందనుకొంటే, అంతకుముందరి లోతులన్నింటి పని కలిపినా చివరి లోతు పనిలో ఐదో వంతు మాత్రమే. ఆ ఐదో వంతు ఖర్చుతో పట్టిక నిండా ‘మొదట చూడవలసిన ఎత్తులు’ సమకూరుతాయి. 72 కోట్లను 54 వేల వైపు లాగేది అవే. మెమరీ, కాలం అన్న రెండు విషయాలను ఈ పాఠంలో కలిపి చెప్పడానికి కారణం ఇదే. పట్టిక లేకుంటే క్రమంగా లోతు పెంచడం ఖర్చు. పట్టిక ఉంటే అది పొదుపు.

ఆపే నిర్ణయానికి సాధారణంగా రెండు హద్దులు పెట్టుకొంటారు. మెత్తటి హద్దు దాటితే కొత్త లోతును మొదలుపెట్టరు. తరువాతి లోతుకు పట్టే కాలం ఇప్పటిదాకా పట్టినదానికి కొన్ని రెట్లు కాబట్టి, కేటాయింపులో సగం గడిచాక దిగడం సాధారణంగా వృథా. గట్టి హద్దు దాటితే ఉన్నపళంగా ఆపేస్తారు. అలా ఆపినా నష్టం తక్కువ. కొత్త లోతులో పాత ఉత్తమ ఎత్తునే మొదట చూస్తారు కనుక, ఆపేలోగా దాన్ని మించినది దొరికితే అదే ఆడవచ్చు, దొరకకపోతే పాతదే ఉంది. వరుసగా కొన్ని లోతులపాటు ఉత్తమ ఎత్తు మారకపోతే ముందే ఆపి కాలం మిగుల్చుకొంటారు. విలువ హఠాత్తుగా పడిపోతే మిగుల్చుకొన్నది ఖర్చుపెడతారు. డీప్ బ్లూలో మామూలు లక్ష్యంతోబాటు ‘ప్రమాద’ లక్ష్యం కూడా ఉండేది. అది మిగిలిన కాలంలో సుమారు మూడో వంతు. ఒక్క ఎత్తుకు అంత ఖర్చుపెట్టే ధైర్యం మనుషుల్లోనూ అందరికీ ఉండదు.

6.7 ఎదుటివారి కాలంలో ఆలోచించడం

ఇక చివరి ప్రశ్న. మీరు ఆలోచిస్తుండగా ప్రోగ్రాము ఏం చేస్తుంది? తన ఎత్తును నిర్ణయించేటప్పుడే మీరు ఇవ్వబోయే ఉత్తమ జవాబు ఏదో అది అంచనా వేసి ఉంటుంది. ఆ జవాబును మీరు ఆడేసినట్లే అనుకొని, తరువాతి తన ఎత్తు కోసం వెతుకుతుంది. దీన్ని పాండరింగ్ అంటారు. మీరు అదే ఆడితే వెతుకులాట ఆగదు. ఇప్పటిదాకా మీ కాలంలో సాగినది ఇకనుంచి దాని కాలంలో సాగుతుంది, అంతే. ప్రోగ్రాములకూ బల్ల చూపే సాఫ్ట్‌వేరుకూ నడుమ వాడే యూసీఐ సంభాషణ నియమాల్లో దీనికి ‘పాండర్‌హిట్’ అన్న ఆదేశమే ఉంది. మీరు వేరే ఎత్తు ఆడితే ఆ వెతుకులాటను వదిలి కొత్తగా మొదలుపెట్టాలి.

ఒక్క జవాబు మీదే పందెం కాయడం కన్నా మీ 30 జవాబులనూ కొంచెం కొంచెం చూడడం మేలు కాదా అని విద్యార్థులు తరచుగా అడుగుతారు. మీరు 3 నిమిషాలు ఆలోచించారనుకొందాం. సమంగా పంచితే ఒక్కొక్క జవాబుకు 6 సెకన్లు. ఒక్కదాని మీదే పెట్టి, అంచనా రెండుసార్లకు ఒకసారి నిజమైతే సగటున 90 సెకన్ల లాభం. పదిసార్లకు ఒకసారే నిజమైనా 18 సెకన్లు. ఎలా చూసినా పందెమే మేలు. పైగా అంచనా తప్పినా శ్రమ అంతా పోదు. వెతికినది పట్టికలో ఉంది. మీరు వేరే వరుసలో అవే స్థితులకు చేరితే ఆ నమోదులు పనికొస్తాయి.

కాలం పంపకం మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. పాండరింగ్‌కు అనుమతి ఉంటే కొంత కాలం ఉచితంగా దొరుకుతుందని తెలుసు కనుక, స్టాక్‌ఫిష్ ఒక్కొక్క ఎత్తుకు తన సాధారణ లక్ష్యాన్ని నాలుగో వంతు పెంచుకొంటుంది. రెండు ప్రోగ్రాములను ఒకే కంప్యూటరు మీద ఆడించేటప్పుడు మాత్రం దీన్ని మాన్పించాలి. లేకుంటే ఒకటి ‘ఎదుటివారి కాలంలో’ ఆలోచిస్తూ వాడుకొనే ప్రాసెసరు ఎదుటిదానిదే అవుతుంది. ప్రోగ్రాముల మధ్య జరిగే పెద్ద పోటీ టీసీఈసీలో కూడా పాండరింగ్ లేకుండానే ఆడిస్తారు.

అభ్యాసం: రాజులూ బంట్లూ మాత్రమే తెలిసిన చిన్న ఆల్ఫా–బీటా ప్రోగ్రామును మీకు వచ్చిన భాషలో రాయండి. ఫైన్ స్థితిని ఇచ్చి, పట్టిక లేకుండా ఒకసారి, పట్టికతో ఒకసారి, ఒక ప్లై నుంచి క్రమంగా లోతు పెంచుతూ పోండి. ప్రతి లోతులోనూ పరిశీలించిన స్థితుల సంఖ్యను రాసుకోండి. పట్టిక లేని ప్రోగ్రామును ఏ లోతు దగ్గర విసుగెత్తి ఆపేశారో, పట్టికతో రాజు బీ1 ఎత్తు ఏ లోతు దగ్గర స్థిరపడిందో మీ అభ్యాస పత్రంలో పేర్కొనండి. తరువాత వంతు సంఖ్యను తాళంచెవి నుంచి తీసేసి మళ్ళీ నడపండి.